మూడో రిచర్డ్ తరఫున వకాల్తా పుచ్చుకోకు

అమ్మాయ్,

నీ స్క్రిప్టు చదివాను. ముందు నాలుగు మెచ్చుకోలు మాటలు చెప్పి తర్వాత మెల్లగా అసలు సంగతికి రావడం నాకు చేతకాదు, అది నీకూ తెలుసు. నువ్వు రాసుకొచ్చింది చదువుతుంటే బెయిలు పిటిషను చదువుతున్నట్టుంది. ముప్పావుగంట సేపు ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ ఒంటరిగా నిలబడి, ఆ హత్య నేను చెయ్యలేదు, ఈ నేరం నాది కాదు, నా గూని అబద్ధం, నా పేరు చెడగొట్టింది నన్ను ఓడించి గద్దెనెక్కిన ట్యూడర్లు, వాళ్ళకి వంత పాడింది షేక్‌స్పియర్ అని వరసగా చెప్పుకుంటూ పోతాడు. 1485లో చచ్చిపోయిన మనిషికి, ఆ తర్వాత నూరేళ్ళు దాటాక వచ్చిన నాటకం మీద అంత కోపం ఎలా వచ్చిందో నాకైతే అర్థం కాలేదు.

అలాగని ఈ పని మానెయ్యమని చెప్పడానికి రాయడం లేదు. ఆయన ఎముకలు దొరికిన లెస్టర్‌లోనే నువ్వు చదువుకుంటున్నావు, అక్కడే జనం ముందు ఆయన్ని నిలబెట్టాలనుకున్నావు, మంచి ఆలోచన. ముందు తెలుగులో రాసుకుని తర్వాత మీ డ్రామా గ్రూపు పిల్లలతో కూర్చుని ఇంగ్లీషు చేసుకుంటానన్నావు, అదీ సరే. నా పేచీ అంతా నువ్వు ఆయన్ని నిలబెట్టిన తీరుతోనే.

ఆ రాజు పేరు చరిత్ర పుస్తకాల్లో కంటే స్టేజీ మీదే ఎక్కువ చెడింది. షేక్‌స్పియర్ 1590ల మొదట్లో రాసిన నాటకం ఒకటైతే, 1700 ప్రాంతంలో కోలీ సిబ్బర్ అనే నటుడు దాన్ని కత్తిరించి, సొంత డైలాగులు కలిపి, ఇంకాస్త మసాలా దట్టించి తయారుచేసింది ఇంకొకటి. ఇంచుమించు నూట యాభై ఏళ్ళు ఇంగ్లండు జనం ఎక్కువగా చూసింది ఈ రెండోదాన్నే. 1741లో డేవిడ్ గారిక్ లండన్‌లో ఈ వేషం కట్టి రాత్రికి రాత్రి స్టారయ్యాడు. అప్పట్నుంచీ ఎంతమంది నటులు వీపుకి గూని తగిలించుకుని, కుంటుకుంటూ వచ్చి, ప్రేక్షకుల వైపు తిరిగి తమ కుట్రలు తామే చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నారో లెక్కే లేదు. దుర్మార్గుడు మనతో చనువుగా మాట్లాడుతుంటే మనకి అతను నచ్చేస్తాడు, ఆ నాటకం బలం అక్కడుంది. ఆయన పక్షాన 1924లోనే ఒక సంఘం పుట్టింది, పుస్తకాలు వచ్చాయి, వ్యాసాలు వచ్చాయి, అయినా జనం మనసులో స్టేజీ మీది మనిషే ఉండిపోయాడు. కాబట్టి స్టేజీ మీద పడ్డ మచ్చని స్టేజీ మీదే కడగాలన్న నీ పట్టుదల తప్పు కాదు.

కానీ నువ్వు ఎంచుకున్న పద్ధతి మన దుర్యోధనుడి ఏకపాత్ర పద్ధతి. స్కూలు వార్షికోత్సవాల్లో చూసి ఉంటావు, గద భుజాన వేసుకుని మీసం దువ్వుతూ వచ్చి, గొంతు చించుకుని నాలుగు సమాసాలు విసిరితే హాలంతా ఈలలు. ఆ ఈలలు గొంతుకి వేస్తారమ్మా. ఇంటికెళ్ళేటప్పుడు లక్క ఇంటి గురించి ఆలోచించే ప్రేక్షకుణ్ణి నేనింతవరకు చూడలేదు. నీ రిచర్డ్ కూడా అంతే, గొప్పగా మాట్లాడతాడు, గొప్పగా ఏడుస్తాడు, జనం చప్పట్లు కొడతారు, ఆయన గురించి వాళ్ళకి అంతకు ముందున్న అభిప్రాయం మాత్రం చెక్కు చెదరదు. ఎందుకంటే నువ్వు వాళ్ళకి ఏ పనీ పెట్టలేదు. తీర్పు నువ్వే రాసేశావు, వాళ్ళని వినడానికి కూర్చోబెట్టావు.

ముందు శరీరం సంగతి చెప్తాను, ఎందుకంటే నీ స్క్రిప్టులో మొదటి పేజీలోనే నాకు చిరాకు పుట్టింది అక్కడ. "నా వెన్ను నిటారు, నా గూని ట్యూడర్ల కల్పన" అనిపించావు ఆయన చేత. 2012 ఆగస్టు 25న లెస్టర్‌లో కౌన్సిలు కార్ పార్కు తవ్వడం మొదలుపెట్టిన రోజే ఎముకలు కనపడ్డాయి, 2013 ఫిబ్రవరి 4న ఇవి ఆయనవేనని యూనివర్సిటీ వాళ్ళు ప్రకటించారు. ఆ వెన్నెముక చూస్తే పక్కకి ఒంగిపోయి ఉంది. స్కోలియోసిస్. 65 నుంచి 85 డిగ్రీల మధ్య వంపు అని లెక్క కట్టారు, తక్కువేం కాదు. అంటే అంతా అబద్ధమేనని వందేళ్ళుగా వాదించిన అభిమానులకీ దెబ్బే, గూని, ఎండిపోయిన చెయ్యి, కుంటినడక అన్నవాళ్ళకీ దెబ్బే. వీపు మీద మూపురం లేదు, చెయ్యి ఎండిపోలేదు, కుంటి కాదు. ఒక భుజం ఎత్తుగా ఉండేది, సరిగ్గా కుట్టిన బట్టలు వేసుకుంటే బయటికి పెద్దగా తెలిసేది కాదు, అంతే. ఆ 1483 వేసవిలో లండన్‌లో ఉన్న డొమినిక్ మాన్సీని అనే ఇటలీవాడు ఆయన మీద చెడ్డగా ఎంతో రాశాడు గానీ ఆకారం గురించి ఒక్క ముక్క రాయలేదు. కోటల్లో, రాజభవనాల్లో వేలాడే ఆ బొమ్మలన్నీ ఆయన పోయాక వేసినవే, రాజవంశం వాళ్ళ దగ్గరున్న ఒక బొమ్మని ఎక్స్‌రే తీస్తే భుజం గీతని తర్వాత ఎవరో పైకి జరిపినట్టు తేలింది.

నువ్వు చేసే పనికి దగ్గరగా ఉండే సంగతి ఇంకొకటుంది. ఎముకలు దొరికాక, ఇంచుమించు అదే వంపు ఉన్న ఒక కుర్రాడు దొరికాడు. అతనికి ఒంటికి సరిపడా ఉక్కు కవచం చేయించి, గుర్రం ఎక్కించి, ఈటె పట్టించి నేర్పించారు. ఆ వెన్నుతో ఇంతటి యోధుడెలా అయ్యాడన్న అనుమానం అప్పటిదాకా పండితులు కాగితం మీద నూరుతూ ఉన్నారు, ఆ కుర్రాడు గుర్రం మీద చేసి చూపించాడు. పాతకాలపు ఎత్తు జీను వెన్నుకి ఆసరా ఇచ్చిందిట, గుర్రం మీద దిట్టంగా కూర్చున్నాడు, నేల మీద నిలబడి పోరాడినప్పుడు మాత్రం ఊపిరి అందక తొందరగా అలిసిపోయాడు. ఇప్పుడు ఆయన చనిపోయిన బోస్‌వర్త్ యుద్ధంలో చివరి ఘడియలు ఊహించుకో, గుర్రం పోయింది, బురద నేల, చుట్టూ శత్రువులు, ఛాతీ సగమే విచ్చుకునే మనిషి. వేషం కట్టి చేసి చూడటం వల్ల చరిత్రకి ఏం లాభం అని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

కాబట్టి నీ నటుడి చేత కుంటించకు, దిండు కట్టకు, అలాగని సినిమా హీరోలా ఛాతీ విరిచి నిలబెట్టకు. ఎక్కువసేపు నిలబడితే కుర్చీ వీపు పట్టుకుంటాడు, పొడవాటి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంటాడు, అది చాలు. మీ గ్రూపులో నిజంగానే అలాంటి వెన్ను ఉన్నవాళ్ళుంటే ముందు వాళ్ళని అడుగు. 2022లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఆర్థర్ హ్యూస్ చేత ఈ వేషం వేయించింది, అతనికి పుట్టుకతో ఒక చెయ్యి వేరుగా ఉంటుంది. 2024లో గ్లోబ్ థియేటర్ ఏ వైకల్యమూ లేని నటిని పెట్టుకుంటే వికలాంగ కళాకారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నీది చిన్న ప్రదర్శనే, కానీ ఆ ప్రశ్న నీ దాకా వస్తుంది.

ఇక మూలాలు. నువ్వు "ట్యూడర్ చరిత్రకారులు" అని అందర్నీ ఒక గాటన కట్టేశావు. కొంచెం ఓపిక పట్టి ఒక్కొక్కణ్ణీ చూడు, వాళ్ళలోనే నాటకం ఉంది. జాన్ రౌస్ అనే ఆయనున్నాడు, వార్విక్ దగ్గర పూజారి. రిచర్డ్ బతికుండగా రాసిన, చుట్టగా చుట్టే పొడవాటి పత్రంలో, ప్రజల్ని పీడించేవాళ్ళని శిక్షించిన మంచి ప్రభువు, ధనికా పేదా అందరి ప్రేమా పొందినవాడు అని రాశాడు. రాజు మారాడు. అదే రౌస్ మళ్ళీ కలం పట్టి, వీడు తల్లి కడుపులో రెండేళ్ళున్నాడు, పళ్ళతో, భుజాల దాకా జుట్టుతో పుట్టాడు అని రాశాడు. తన దగ్గరున్న లాటిన్ ప్రతిలో పాత పొగడ్తలు తీసేశాడు గానీ, ఇంగ్లీషు ప్రతి అప్పటికే చెయ్యి దాటిపోవడంతో అది అలాగే మిగిలింది. ఇంకా చిత్రం, ఆ తిట్లన్నీ తిట్టిన పుస్తకంలోనే, చివరి ఊపిరిదాకా వీరుడిలా పోరాడాడని కూడా రాయకుండా ఉండలేకపోయాడు. నీ ప్రదర్శనలో రెండో పాత్రకి చోటుంటే నేనైతే రౌస్‌ని పెడతాను, రెండు కాగితాలు చేతిలో పట్టుకుని. రిచర్డ్ చరిత్ర రాసిన థామస్ మోర్‌ని నమ్మొచ్చా అని అడిగావు. 1483లో ఆయనకి అయిదేళ్ళు, పెరిగింది రిచర్డ్ బద్ధశత్రువు మోర్టన్ ఇంట్లో. అలాగని మోర్టన్‌కి తెలిసినవన్నీ అబద్ధాలు కానక్కర్లేదు కదా, ఆ రోజుల్లో ఆ గదుల్లో ఉన్న మనిషాయన. విను, కానీ ఎవరింట్లో కూర్చుని వింటున్నావో మర్చిపోకు.

నిన్ను నేను ఎక్కువ తప్పుపట్టేది 1483 వసంతం దగ్గర. ఏప్రిల్ 9న అన్న నాలుగో ఎడ్వర్డ్ పోయాడు, జూన్ 26కల్లా తమ్ముడు సింహాసనం మీదున్నాడు. పదకొండు వారాలు. ఆ పదకొండు వారాల్ని నువ్వు పదకొండు వాక్యాల్లో దాటేశావు. అందులో హేస్టింగ్స్‌కి ఒకే ఒక్క వాక్యం, "నా మీద కుట్ర పన్నాడు, శిక్షించాను." అమ్మా, జూన్ 13న లండన్ టవర్ కోటలో సమావేశం జరుగుతుండగా అన్నగారి ప్రాణస్నేహితుణ్ణి బయటికి లాక్కెళ్ళి విచారణ లేకుండా తల నరికించాడు. మూడు రోజుల తర్వాత వెస్ట్‌మిన్‌స్టర్‌లో తల్లి దగ్గర శరణులో ఉన్న తొమ్మిదేళ్ళ చిన్న రాకుమారుణ్ణి బయటికి తెప్పించి రాజు కావలసిన పన్నెండేళ్ళ అన్న ఉన్న టవర్‌కే పంపాడు. అదే మనిషి ఏడెనిమిది నెలల్లోనే పార్లమెంటు పెట్టి, అనుమానం మీద పట్టుకున్నవాళ్ళకి బెయిలు ఇవ్వొచ్చనీ, నేరం రుజువయ్యేదాకా వాళ్ళ సామాను జప్తు చెయ్యకూడదనీ చట్టం తెచ్చాడు, రాజులు "కానుక" పేరుతో బలవంతంగా గుంజే డబ్బుని రద్దు చేశాడు, పుస్తకాల వ్యాపారం చేసే విదేశీయుల జోలికి ఆంక్షలు పోకుండా చూశాడు. హేస్టింగ్స్ భార్యని తన రక్షణలోకి తీసుకుని ఆస్తి పోకుండా కాపాడాడు కూడా. నువ్వు చట్టాలన్నీ వివరంగా రాసి, హేస్టింగ్స్‌ని ఒక్క వాక్యంలో తోసేశావు. షేక్‌స్పియర్ చేసిన పనే ఇటు తిప్పి చేశావు. విచారణ లేకుండా తల తీయించిన చెయ్యీ, బెయిలు చట్టం మీద ముద్ర వేసిన చెయ్యీ ఒకటే అన్న సంగతి ప్రేక్షకుడికి ఒకే నిమిషంలో తగలాలి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి నువ్వు నోరు మూసుకో, మిగతా పని వాళ్ళు చేసుకుంటారు.

ఎలా పెట్టాలి అంటావు కదూ. పుట్టుక నుంచి చావు దాకా చెప్పే ఈ మొత్తం వరసని పక్కన పడెయ్. ఒక రోజు ఎంచుకో. ఆ రోజు కూడా నేనే చెప్తాను, 1485 మార్చి 30.

ఆ రోజు ఏం జరిగిందో నువ్వు చదివే ఉంటావు, స్క్రిప్టులో ఎందుకు లేదో తెలీదు. మార్చి 16న రాణి ఆన్ చనిపోయింది, అదే రోజు సూర్యగ్రహణం. అంతకు ముందు ఏప్రిల్‌లో ఒక్కగానొక్క కొడుకు పోయాడు. రాణికి విషం పెట్టించాడనీ, అన్న కూతురు ఎలిజబెత్‌ని, పందొమ్మిదేళ్ళ పిల్లని, తనే పెళ్ళి చేసుకోబోతున్నాడనీ లండన్ అంతా గుసగుసలు. అవతల ఫ్రాన్సులో కూర్చున్న హెన్రీ ట్యూడర్ ఆ పిల్లనే చేసుకుంటానని ఏనాడో ప్రమాణం చేసి ఉన్నాడు. రిచర్డ్ దగ్గరి మనుషులు రాట్‌క్లిఫ్, కేట్స్‌బీ ఆయన మొహం మీదే చెప్పారు, మీరు జనం ముందు ఈ మాట ఖండించకపోతే మిమ్మల్ని నమ్ముకున్న ఉత్తరాదివాళ్ళే తిరగబడతారు అని. అప్పుడా రాజు క్లార్కెన్‌వెల్‌లో సెయింట్ జాన్ మఠం పెద్ద హాల్లో, లండన్ మేయరూ పురజనులూ వింటుండగా నిలబడి, గట్టిగా, స్పష్టంగా, ఆ పిల్లని పెళ్ళాడాలని నా మనసులో ఎన్నడూ లేదు, రాణి చావు నాకు సంతోషం కాదు, ఏ మనిషైనా ఎంత దుఃఖపడగలడో అంత దుఃఖంలో ఉన్నాను అని చెప్పుకున్నాడు. లండన్ బట్టల వర్తకుల సంఘం రికార్డుల్లో ఉంది ఈ మాట.

చూశావా? నువ్వు స్టేజీ కట్టి చేయించాలనుకున్నది ఆయనే ఒకసారి చేశాడు. ఒక రాజు, ఎదురుగా నమ్మని జనం, మధ్యలో ఒక పుకారు. నీ ప్రేక్షకులకి వేరే వేషం అక్కర్లేదు, వాళ్ళే ఆ పురజనులు. లోపలికి వస్తుంటేనే నీ మనుషులు ఇద్దరు ముగ్గురు వాళ్ళ మధ్య తిరుగుతూ రాణి గురించి చెవిలో గుసగుసలాడాలి, విన్నారా, విషమట, గ్రహణం చూశారు కదా, పెళ్ళి ముహూర్తం కూడా పెట్టేశారట, అని. రాజు వచ్చేసరికి సగం మంది మనసులో అనుమానం పడి ఉండాలి. అప్పుడు ఆయన చేత పది నిమిషాలు మాట్లాడించు, పదే. తర్వాత పురజనులు అడగొచ్చు అని మేయరు చేత చెప్పించు. నిజంగా ఆ రోజు ఎవరూ అడిగి ఉండరు, తల పోతుంది. ఆ స్వేచ్ఛ నువ్వు తీసుకుంటున్నావని మొదట్లోనే ఒక మాటలో చెప్పెయ్, ఎవరూ ఏమీ అనుకోరు.

మన బుర్రకథలో పక్కనున్న వంతలు కథకుణ్ణి అడ్డుకుని ప్రశ్నలేస్తారు చూడు, కథ సగం నడిచేది ఆ ప్రశ్నల వల్లే. ఇక్కడ ప్రేక్షకులే వంతలు. కానీ దీనికి నీ నటుడు చాలా చదవాలి, డైలాగు బట్టీ పడితే చాలదు. ఆయనకి ఆ రోజు దాకా జరిగినవే తెలుసు. షేక్‌స్పియర్ పేరెత్తితే "ఎవరాయన?" అనాలి. డీఎన్ఏ, కార్ పార్కు అంటే తెల్లమొహం వెయ్యాలి, అక్కడ ఎలాగూ నవ్వు వస్తుంది, రానీ. బోస్‌వర్త్ ఇంకా అయిదు నెలలు కూడా లేదని ప్రేక్షకుడికి తెలుసు, ఆయనకి తెలీదు, ఈ తేడాని పాడుచేసుకోకు. కొన్నిటికి ఆయన దగ్గర మంచి జవాబులున్నాయి. క్లారెన్స్‌ని చంపించావు కదా అంటే, 1478లో క్లారెన్స్ అన్నని చంపించింది పెద్దన్న ఎడ్వర్డే, రాజాజ్ఞ, పార్లమెంటు రికార్డు చూసుకోండి అనొచ్చు, అది నిజం కూడా, నాటకాల్లో ఆ పాపం ఈయనకి అంటగట్టారు. ఎలిజబెత్‌ని చేసుకుంటావా అంటే, పోర్చుగల్ రాకుమారితో సంబంధం మాట్లాడటానికి వారం కిందటే మనిషిని పంపాను అనొచ్చు. అదీ నిజమే, కానీ భార్య పోయిన ఆరో రోజు! జవాబు సరైనదే అయినా వినేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది, అలాంటివి వెతుక్కో. బలవంతపు కానుకలు రద్దు చేశానన్నావు, మరి ఈ చలికాలం అప్పుల పేరుతో మా దగ్గర డబ్బు గుంజుతున్నావేమిటి అని ఎవరైనా వర్తకుడు అడిగితే? దానికి తడబడాలి. యుద్ధం వస్తోంది, డబ్బు లేదు, అంతకు మించి ఆయన దగ్గర ఏమీ లేదు.

తర్వాత పిల్లల ప్రశ్న వస్తుంది. రాకపోతే నీ మనిషి ఒకడు వెనక నుంచి అడగాలి. మీ అన్న కొడుకులు ఎక్కడ ప్రభూ?

దీనికి నువ్వు రెండు పేజీల జవాబు రాశావు. బకింగ్‌హామ్ ప్రభువు చేసుంటాడు, హెన్రీ ట్యూడర్ చేసుంటాడు, లేకపోతే వాళ్ళు బతికే విదేశాలకి పోయారు. అన్నీ కొట్టెయ్. ఆయనేమీ మాట్లాడకూడదు. అది నాటకీయత కోసం చెప్తున్న మాట కాదు, చరిత్రలో ఆయన చేసిందే అది. 1483 వేసవి తర్వాత ఆ పిల్లల్ని బయట ఎవరూ చూసిన దాఖలా లేదు, పెద్దవాడి పేరెత్తితే జనం కళ్ళనీళ్ళు పెట్టుకోవడం చూశాననీ, ఎలా పోయాడో మాత్రం తెలుసుకోలేకపోయాననీ మాన్సీని ఆ ఏడాది చివర్లోనే రాశాడు. పెళ్ళి పుకారుకి మేయర్ని పిలిచి హాలు నింపి ఖండించిన రాజు, అంతకన్నా వందరెట్లు పెద్ద పుకారుకి, ఒక్కసారి ఆ పిల్లల్ని కిటికీ దగ్గర నిలబెట్టి చూపిస్తే పోయేదానికి, ఏమీ చెయ్యలేదు. చచ్చిపోయారని చెప్పలేదు, బతికున్నారని చెప్పలేదు. 1674లో టవర్ మెట్ల కింద దొరికిన ఎముకల మీద డీఎన్ఏ పరీక్ష జరగలేదు, 1933లో ఒకసారి తెరిచి చూసి మళ్ళీ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పెట్టేశారు. 2023లో పిల్లలు బతికారంటూ విదేశీ దస్తావేజులు బయటపెట్టారు, చాలామంది చరిత్రకారులు ఒప్పుకోలేదు. ఎవరు చంపారో, అసలు చంపారో లేదో నువ్వూ నేనూ తేల్చలేం, ఆ మౌనం మాత్రం అచ్చంగా ఆయన సొత్తు. దాన్ని స్టేజీ మీద పెట్టకుండా ఆయన్ని మళ్ళీ బేరీజు వేశాననుకుంటే ఎవరూ నమ్మరు. ఎంతసేపు మౌనం అంటావా, జనం కుర్చీల్లో కదిలేదాకా. తర్వాత మేయరు ఇంకో ప్రశ్న అడగమంటాడు.

చివర్లో ప్రేక్షకుల చేత ఓటు వేయించాలనుందన్నావు. వద్దనే చెప్తాను. 1984లో బ్రిటన్ టీవీలో నిజం లాయర్లతో, సాక్షులతో విచారణ నడిపి జ్యూరీ చేత నిర్దోషి అనిపించారు. బానే ఉంది, కానీ సరిపడా రుజువు లేక వదిలెయ్యడం ఒకటి, మనిషి మంచివాడని తేలడం ఇంకొకటి, చేతులెత్తించే సరికి జనం ఈ రెండూ కలిపేసుకుంటారు. పైగా నువ్వు ఆడేది లెస్టర్‌లో! 2015 మార్చిలో శవపేటిక ఊరేగింపుకి వేలమంది రోడ్ల మీద నిలబడి తెల్ల గులాబీలు విసిరిన ఊరు, యార్క్ పక్షంవాళ్ళు కోర్టుకెక్కితే 2014లో కేసు గెలిచి మరీ ఎముకలు దక్కించుకున్న ఊరు, ఏడాది తిరిగేసరికి ఫుట్‌బాల్ జట్టు లీగు గెలిస్తే అది కూడా రాజుగారి చలవే అని సరదాపడ్డ ఊరు. ఓటు ఎటు పడుతుందో నీకు ముందే తెలుసు. ఊరు ఇప్పటికే నెత్తిన పెట్టుకున్న మనిషి కోసం నువ్వు మళ్ళీ బతిమాలడం దేనికి, వాళ్ళని కాస్త ఇబ్బంది పెట్టు.

ఓటు బదులు నేను ఒక సంగతి వాడుకోమంటాను. 1525లో, అంటే రిచర్డ్ పోయిన నలభై ఏళ్ళకి, ఎనిమిదో హెన్రీ మంత్రి కార్డినల్ వూల్సీ లండన్ వాళ్ళని డబ్బు ఇమ్మని ఒత్తిడి చేస్తే, కానుకలు రద్దంటూ మూడో రిచర్డ్ చేసిన చట్టం ఉంది కదా అన్నారు వాళ్ళు. రాజ్యం కాజేసినవాడు, హంతకుడు, వాడి చట్టం నాకు చెప్తారా అని ఆయన మండిపడ్డాడు. దానికి వాళ్ళు, ఆయన చెడు చేసి ఉండొచ్చు, ఆయన కాలంలో మంచి చట్టాలు కూడా వచ్చాయి, అవి పార్లమెంటు ఒప్పుకుని చేసినవి అన్నారట. ఆ వర్తకుల్లో ఒకడి చేత చివరి రెండు నిమిషాలు చెప్పించు, ముసలివాడు, కుర్రతనంలో క్లార్కెన్‌వెల్ హాల్లో వెనక నిలబడి రాజుని చూసినవాడు. ఇది నీ కల్పన అవుతుంది, కానీ జరగడానికి వీల్లేనిది కాదు. యార్క్ ఊరివాళ్ళు ఆయన చావు కబురు విని, మన మీద దయతో ఏలిన రాజుని దారుణంగా చంపేశారు, ఈ నగరానికి ఎంతో దుఃఖం అని తమ రికార్డులో రాసుకున్న వాక్యంతో నువ్వు ముగించావు. మంచి వాక్యమే, కొత్త రాజు గెలిచిన మర్నాడే అలా రాయడానికి గుండె ధైర్యం కావాలి. కానీ వాళ్ళు ఆయన సొంత మనుషులు. లండన్ వర్తకులకి ఆయనంటే ప్రేమ లేదు, అందుకే వాళ్ళ మాట నాకు ఎక్కువ బరువుగా అనిపిస్తుంది.

భాష గురించి ఒక్క మాట. "ఓయీ హేస్టింగ్స్, ద్రోహీ" లాంటివి తీసెయ్. 2024 నవంబరులో యార్క్ థియేటర్ రాయల్‌లో పుర్రె ఆధారంగా కట్టిన ముఖానికి పదిహేనో శతాబ్దపు ఉచ్చారణతో గొంతు పెట్టి ఆయన బొమ్మ చేత మాట్లాడించారు, వీలుంటే చూడు, రాజదర్పం కంటే ఉత్తరాది యాసే ఎక్కువ వినిపిస్తుంది. మామూలు మాటలు మాట్లాడించు. గుర్రం కోసం రాజ్యం ఇచ్చేస్తానన్న ఆ డైలాగుని వెక్కిరిస్తూ రాసిన పేరా కూడా వద్దు. అది పారిపోవడానికి అడిగిన గుర్రం అని చాలామంది అనుకుంటారు, నువ్వూ అలాగే అనుకున్నావు, నాటకంలో కూడా ఆయన పారిపోనంటాడు, మళ్ళీ తీరిగ్గా చదువు.

మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉన్నప్పుడు ఆగస్టులో బోస్‌వర్త్ యుద్ధం ఆడే చోటికి తీసుకెళ్ళాడు. కవచాలు, జెండాలు, మైకులో వ్యాఖ్యానం, ఐస్‌క్రీం బళ్ళు, అంతా తిరునాళ్ళే. అసలు యుద్ధం జరిగింది అక్కణ్ణుంచి రెండు మైళ్ళ అవతల పొలాల్లో అని ఫిరంగి గుళ్ళు, రిచర్డ్ చిహ్నమైన వెండి పంది బొమ్మ దొరికాక తేలింది, అయినా ఆట మాత్రం పాత గుట్ట దగ్గరే. రిచర్డ్ గుర్రాన్ని దూకించినప్పుడు జనం ఎంత గట్టిగా అరిచారంటే, ఓడిపోతాడని తెలిసీ, ఈసారి గెలుస్తాడేమో అన్నట్టు అరిచారు. ఆ అరుపు నీకూ దొరుకుతుంది, కావాలంటే సులువుగానే దొరుకుతుంది. అందుకే జాగ్రత్త అంటున్నాను.

బయట ఆడతామంటున్నావు కాబట్టి వాన వస్తే ఏ హాలు దొరుకుతుందో ఇప్పుడే చూసుకో, కాలర్ మైకు అద్దెకి తీసుకో, మధ్యయుగం పేరు చెప్పి మైకు లేకుండా ఆడితే మూడో వరస దాటి ఎవరికీ వినపడదు. కొత్త ప్రతి రాసేటప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టొద్దు. పురజనుల్లో ఎవరో హేస్టింగ్స్ గురించి అడిగారనుకో, క్లార్కెన్‌వెల్ హాల్లో, భార్య పోయి రెండు వారాలైన ఆ మనిషి ఏం చెప్తాడు? నీ తరఫున కాదు, ఆయన తరఫున. ఆ ఒక్క జవాబు రాసి నాకు పంపు, అర పేజీ దాటకుండా. అది చూశాక మిగతాది మాట్లాడుకుందాం.

ఉంటాను.